టర్బో తాగే నూనె

1920లో జి.డి. నాయుడుగారు పొల్లాచి నుంచి పళనికి బస్సు వేశారు. స్టీరింగ్ దగ్గర తానే కూర్చున్నారు. 1893లో కోయంబత్తూరు పక్కన కలంగల్‌లో తెలుగువారింట పుట్టిన మనిషి ఆయన. ఆ రోడ్డు పళనిలో ఆగదు, ఒట్టన్‌చత్రం మీదుగా దిండిగల్‌కు పోతుంది. అప్పటి బస్సు ఇంజను పిస్టన్ లాగినంత గాలే పీల్చేది. ఇవాళ ఒట్టన్‌చత్రం మార్కెట్టులో మునక్కాయలు, టమాటాలు ఎత్తుకుని కేరళకు పరుగెత్తే డీజిల్ బండ్లకు గాలిని బలవంతంగా కుక్కే టర్బో ఉంటుంది. వాటి పక్కనుంచి దూసుకుపోయే ఒక లీటరు పెట్రోలు కార్లలోనూ చాలావాటికి ఉంది. బండి మారినా ఆయిల్ షాపులో మాట మాత్రం మారలేదు: ‘మన ఎండలకి చిక్కటిదే పొయ్యన్నా!’

టర్బోను ఊహించినవాడు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి. పొగగొట్టంలోంచి ఊరికే పోయే వేడి వాయువుతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు రెండో కొసనున్న చక్రంతో ఇంజనులోకి గాలి తోయించాలన్నాడు. 1905లో పేటెంటు వేశాడు. అది నమ్మకంగా పనిచేయడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఈలోగా 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్, గాలి పలచబడే పైక్స్ శిఖరం మీద, 14 వేల అడుగుల ఎత్తున, విమాన ఇంజనుకు టర్బో తగిలించి పరీక్షించాడు. కార్లకు 1962లో వచ్చింది. అప్పటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌కు నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవం విడిగా పోస్తూ ఉండాలి. చాలామంది పోయడం మరిచిపోయేవారు. బండి యజమానులు ఎక్కడైనా ఒకటే!

అసలు కష్టం ఇరుసుది. చిన్న కారు టర్బోలో అది చిటికెన వేలికన్నా సన్నం. నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరగడం దానికి మామూలు. ఒక కొసన పెట్రోలు ఇంజను వదిలే 900 డిగ్రీల సెగ, రెండో కొసన బయటి గాలి. ఎక్కువ టర్బోల్లో నడుమ బాల్ బేరింగులు ఉండవు. కంచు బుష్‌లో, పల్చటి ఆయిల్ పొర మీద ఇరుసు తేలుతూ తిరుగుతుంది. ఆ పొర తెగితే క్షణాల్లో లోహం లోహాన్ని గీరుతుంది. చెడిన టర్బో ముందు గొట్టం విప్పి, చక్రం మధ్య నట్టు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే చేతికి తెలుస్తుంది. పక్కలకు పిసరంత కదలిక ఉండొచ్చు, ముందువెనకలకు చేతికి తెలిసేంత కదిలితే పని అయిపోయినట్టే.

ఆయిల్ అక్కడ ఇరుసును తేలుస్తుంది, వేడినీ మోసుకుపోతుంది. ఇంజను ఒక్కసారిగా ఆపితే పంపు ఆగుతుంది. బుష్‌లో చిక్కిన చుక్కలు సెగకు మాడి, బజ్జీల మూకుడు అడుగున నల్లగా గట్టిపడ్డట్టు పేరుకుంటాయి. ఆయిల్ వచ్చే సన్నటి దారి పూడుకుపోతుంది. మామూలు మినరల్ ఆయిల్ కన్నా మంచి సింథటిక్ ఈ సెగకు బాగా నిలుస్తుంది, తక్కువ ఆవిరవుతుంది.

చిక్కదనం సంగతి. 5డబ్ల్యు-30లో ముందంకె చలిలో ఎంత సులువుగా పారుతుందో, వెనకంకె వంద డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఒట్టన్‌చత్రంలో మంచు పడదు కదా, ముందంకెతో పనేమిటి అనొచ్చు. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే తిప్పినప్పుడు టర్బోదాకా ఆయిల్ ఎక్కాలి, పల్చటిది త్వరగా ఎక్కుతుంది. లారీతో వచ్చిన పుస్తకంలో 15డబ్ల్యు-40 అని ఉంటే దానికి అదే సరి. ఆ డబ్బాలో మిగిలింది కారులో పోయడమే తప్పు.

అంకె ఒక్కటే చాలదు. చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లలో తక్కువ వేగంలో గట్టిగా తొక్కితే, ఇంధనం వేళకు ముందే భగ్గుమని పిస్టన్లు పగిలే జబ్బు బయటపడింది. ఆయిల్‌లోని కాల్షియం మందులు దాన్ని రెచ్చగొడతాయని తేలింది. అందుకే 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ తరగతి ఆయిల్ ఈ జబ్బును ఆపుతుందని చూపే పరీక్ష కూడా నెగ్గాలి. బీఎస్6 డీజిల్ కారుకు వేరే చిక్కు: పొగగొట్టంలోని ఫిల్టరు మసిని కాల్చుకోగలదు గానీ, ఆయిల్ మిగిల్చే బూడిదను కాల్చుకోలేదు. అక్కడ బూడిద తక్కువ ఇచ్చే సీ3 లాంటి తరగతి అడుగుతారు. మీ బండికి ఏదన్నది పుస్తకంలో ఒక్క లైనులో ఉంటుంది. డబ్బా వెనక సన్నక్షరాల్లో అదే లైను కనిపించాలి. ముందువైపు బొమ్మలకు నేనైతే విలువివ్వను.

చివరికి ఘాట్ రోడ్డు. కొండ దిగి ఒట్టన్‌చత్రం చేరిన బండిని వెంటనే ఆపినా పరవాలేదు, దిగేటప్పుడు టర్బోకి పెద్ద పనుండదు. జాగ్రత్త పడాల్సింది ఎక్కేటప్పుడు. కొండమీది పాచలూరు వైపు రెండో గేరులో ఎగశ్వాసతో ఎక్కి, టీ కొట్టు కనబడగానే తాళం తిప్పేయకూడదు. అద్దాలెక్కించి, చెప్పులు వెతుక్కుని, ఎవరికి చక్కెర వద్దో అడిగేదాకా ఇంజను అలా తిరగనివ్వండి.