సుత్తి పట్టిన చేతికి నమోదు ఎక్కడ?

2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలను ప్రకటించింది. వాడిన బ్యాటరీని బాగుచేసి తిరిగి అమ్మేవారైనా, పగలగొట్టి అందులోని లోహాన్ని వెలికితీసేవారైనా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు కావాలని అవి శాసిస్తున్నాయి. 2001 నాటి నిబంధనలు సీసపు బ్యాటరీలకే పరిమితం కాగా, కొత్తవి విద్యుత్ వాహనాల లిథియం బ్యాటరీలకూ వర్తిస్తాయి. పర్యావరణ విధానంగా వీటి అవసరాన్ని ఎవరూ కాదనరు. కానీ వీటిని కుల దృష్టితో చదివినవారు నాకు కనిపించలేదు.

మన ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ పాడైతే దుకాణదారుకు అప్పగించి, కొత్తదాని ధరలో కొంత తగ్గించుకుంటాం. మన లెక్క అక్కడితో సరి. ఆ తరువాత అది ఏ షెడ్డుకు చేరిందో, దాని యాసిడ్ ఏ కాలువలో కలిసిందో, ఎవరి పిల్లలు ఆడుకునే చోట దాని సీసం కరిగిందో విచారించం. నేను చూసిన తుక్కు షెడ్లలో సుత్తి పట్టినవారు దళితులు, పేద ముస్లింలు, సంచార కులాలవారు. షెడ్డు యజమాని, టోకు వ్యాపారి, కర్మాగారం అంటూ ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ లాభంతోపాటు కులమూ మారుతూ వస్తుంది.

ఈ షెడ్లను యథాతథంగా కాపాడాలని నేను కోరడం లేదు. ఒంట్లో చేరే సీసానికి సురక్షిత పరిమితి అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భారతదేశంలో దాదాపు 27.5 కోట్లమంది పిల్లల రక్తంలో సీసం ఆందోళనకర స్థాయిలో ఉందని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థల నివేదిక అంచనా వేసింది. సీసపు విషాన్ని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. అయితే ఫ్యాక్టరీ నిర్వచనానికే అందని షెడ్డులో ఆ జాబితా ఎవరికి అక్కరకొచ్చింది? బస్తీల్లో సీసం కరిగించడం ఆగి తీరాలి. అందులో బేరం లేదు.

బేరం ఉండవలసింది మిగతా పనిలో. పాత బ్యాటరీలను సేకరించడం, ఏ సెల్ చచ్చిందో, ఏది బతికుందో పరీక్షించి వేరుచేయడం, ప్లేట్లు మార్చి మళ్లీ నిలబెట్టడం ఏళ్ల అనుభవంతో అబ్బిన విద్య. నమోదు కోరేవారు జల, వాయు కాలుష్య చట్టాల కింద అనుమతులు చూపాలి, జీఎస్టీ సంఖ్య చూపాలి. వీటన్నింటికీ ముందు సొంత స్థలమో, అద్దె ఒప్పందమో, పెట్టుబడో ఉండాలి. ఆ విద్యను నమోదు చేసే గడి మాత్రం ఆ దరఖాస్తులో లేదు. అదే పనిని పట్టభద్రులు లిథియం సెల్స్‌తో చేస్తే అంకుర సంస్థ అంటున్నాం, అవార్డులిస్తున్నాం. తరతరాలుగా చేస్తున్నవాడు మాత్రం ‘పాత సామాన్లవాడు’గానే మిగిలాడు.

ఇక్కడ డబ్బు సంగతీ ఉంది. నమోదైన రీసైక్లర్‌కు, వెలికితీసిన లోహం పరిమాణాన్ని బట్టి ధ్రువపత్రాలు దక్కుతాయి. తయారీదారులు తమ చట్టబద్ధ బాధ్యతను తీర్చుకునేందుకు వాటిని కొంటారు. ఆ బ్యాటరీని వీధి వీధీ తిరిగి మోసుకొచ్చిన మనిషికి ఆ ధరలో వాటా ఇవ్వాలన్న షరతు లేదు.

మార్గాలు లేకపోలేదు. 2022లోనే వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు ఈ రంగంలోని కార్మికులను గుర్తించి నమోదు చేయడాన్ని, వారి బృందాల ఏర్పాటుకు తోడ్పడటాన్ని రాష్ట్ర ప్రభుత్వ బాధ్యతగా పేర్కొన్నాయి. పుణేలో చెత్త ఏరుకునేవారి సంఘం నుంచి పుట్టిన ‘స్వచ్ఛ్’ సహకార సంస్థ నగరపాలక సంస్థతోనే ఒప్పందం కుదుర్చుకుంది. ఆ కార్మికుల్లో అత్యధికులు దళిత మహిళలే. మన దగ్గర దళిత పారిశ్రామికవేత్తల పేరిట పథకాలకు కొదవ లేదు. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు రుణమిచ్చింది. కాకపోతే అది కొత్తగా పెట్టే సంస్థకే. ఇరవయ్యేళ్లుగా షెడ్డులో ఉన్నవాడికి అందులో చోటు లేదు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు పారిశ్రామికవాడల్లో ఉమ్మడి షెడ్లు కట్టి, సేకరణ, మరమ్మతు పనులను కార్మికుల సహకార సంఘాల పేరిట నమోదు చేయవచ్చు. ఆ సంఘాలకు దరఖాస్తు రుసుము మాఫీ చేయాలి. ధ్రువపత్రాల ఆదాయంలో వాటా నిర్ణయించాలి. షెడ్లు మూయించే నోటీసు కన్నా ముందు కార్మికులకూ వారి పిల్లలకూ రక్తపరీక్షలు జరపాలి.