వినకుండా చెప్పిన పాఠం

ఐరోపా వెళ్ళివచ్చినవారిని మనవారు మొట్టమొదట అడిగే ప్రశ్న భోజనం సంగతి. రెండవది ఖర్చు సంగతి. ఏమి చూచారన్నది మూడవ ప్రశ్న. దాని వంతు వచ్చేసరికి కాఫీలు పూర్తయి అందరూ లేచే వేళ అవుతుంది. 2023 మే నెలలో, యాభై నాలుగవ యేట, నేనూ నా భార్యా పదునాలుగు రోజులు ఐరోపాలో తిరిగి వచ్చాము. నాటినుండి చిక్కడపల్లి కూరగాయల అంగళ్ళ వద్దా, నారాయణగూడ చౌరస్తాలోనూ ఎదురుపడిన మిత్రులకు మొదటి రెండు ప్రశ్నలకే సమాధానాలు చెబుతూ వస్తున్నాను. మూడవ ప్రశ్నకు ఇక్కడ చెప్పుకొంటాను. నేను చెప్పబోయేదానిలో కంటితో చూచినదానికంటె చెవితో విన్నది ఎక్కువ.

ఈ కథకు మొదలు వెనిస్‌లో లేదు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉన్నది. డిగ్రీ చదివే రోజులలో ప్రతి సాయంత్రమూ అక్కడ కూర్చుని పుస్తకాలలోని ముఖ్యమైన వాక్యాలను ఎత్తి వ్రాసుకొనేవాణ్ణి. అలా వ్రాసుకొన్నవాటిలో ఒకటి తెలుగు చదివిన ప్రతివారికీ కంఠస్థమైనదే: పదునైదవ శతాబ్దంలో విజయనగరాన్ని దర్శించిన నికొలో కాంటి అనే ఇటలీ యాత్రికుడు మన తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అని కొనియాడినాడు. తరువాత నేనే ఉపన్యాసకుణ్ణయ్యాను. ఆ వాక్యాన్ని ఏటేటా తరగతిలో చెప్పాను. ఇటాలియన్ వలెనే తెలుగు అజంత భాష, అందుచేతనే ఈ మాధుర్యం, అని చెప్పేటప్పుడు నా గొంతు కూడా కొంచెం మృదువయ్యేదట. పిల్లలు వెనుక నన్ను అనుకరించేవారని చాలా ఆలస్యంగా తెలిసినది.

2000 సంవత్సరం ఆగస్టు నెలలో ఒక పిల్లవాడు లేచి రెండు ప్రశ్నలు అడిగినాడు. "సార్, మనం అన్నం, పుస్తకం, వస్తున్నాం అని హల్లుతోనే ముగిస్తున్నాం గదా, మరి అజంత భాష ఎట్లయితది?" అన్నది మొదటిది. పుస్తకము అనే గ్రాంథిక రూపం చూపి దానిని దాటివేశాను. రెండవది: "మీరు ఇటాలియన్ ఎన్నడన్న విన్నరా సార్?" తరగతి గొల్లుమన్నది. నేను అప్పటికి ఇటాలియన్ మాట ఒక్కటి కూడా విని ఎరుగను. ఎరుగనని చెప్పి ఉంటే ఆ మాటతో పోయేది. ముప్పై ఒక్క ఏళ్ళ వయస్సు, కొత్త ఉద్యోగపు బిగువు. పరీక్షకు పనికివచ్చేవి అడగమని గద్దించి, అతణ్ణి గంట కొట్టేదాకా వరండాలో నిలబెట్టాను. బయట జల్లు పడుతున్నది.

కొద్ది రోజులకే, ఆగస్టు 24న, నగరంలో ఎన్నడూ ఎరుగని కుంభవృష్టి కురిసినది. ఒక్క దినంలో 24 సెంటీమీటర్లు. హుస్సేన్‌సాగరు మిగులు నీటిని మూసీకి చేర్చే నాలా పొంగి అశోక్‌నగర్, దోమలగూడ ఇళ్ళలోకి నీరు వచ్చినది. ఆ పిల్లవాడు అశోక్‌నగర్‌లో నాలా ఒడ్డున ఒక గదిలో ఉండేవాడు. అతడు మరల కళాశాలకు రాలేదు. నీళ్ళవల్ల రాలేదో, నావల్ల రాలేదో నేను విచారించలేదు. విచారించవలసినదని ఇప్పుడు తెలుస్తున్నది.

ఇక యాత్ర. నలుబది మందిమి ఒక బస్సులో ఆరు దేశాలు తిరిగాము. ఎక్కడికి పోయినా రాత్రికి పప్పూ అన్నమూ పెట్టే హోటలు ముందే ఏర్పాటు చేసి ఉంచేవారు. బస్సు తోలే ఆయన నాలుగున్నర గంటలు నడిపిన తరువాత మరి కదలడు. ముప్పావుగంట విశ్రాంతి అక్కడి చట్టం. మా వాళ్ళలో కొందరు దీనికి విసుగుకొన్నారు గాని, మన బస్సు డ్రైవర్లను తలచుకొని నేను సంతోషించాను. యుంగ్‌ఫ్రావ్ కొండమీదికి 1912లోనే వేసిన రైలులో 3,454 మీటర్ల ఎత్తుకు పోయి మంచును తాకాము. పారిస్‌లో కాళ్ళు నొచ్చాయి. ఇవన్నీ మా ఫోటోలలో ఉన్నాయి. వాటిని చూచిన బంధువులు ఆవులించారు.

వెనిస్‌కు మాకు ఇచ్చినది ఒక్క పూట. మిగిలినవారంతా గొండోలా పడవలెక్కడానికి వరుసలో నిలిచారు. అరగంటకు ఎనభై యూరోలు. నేను వెళ్ళననేసరికి నా భార్య కూడా ఆగిపోయినది. అశోక్‌నగర్ నాలా వంతెన దాటేటప్పుడెల్ల ముక్కు మూసుకొని "ఇది మన వెనిస్" అని పరిహాసమాడేది ఆమె. అసలు వెనిస్‌కు వచ్చి పడవ ఎక్కకుండా పోవడం ఆమెకు కష్టమే అయి ఉంటుంది. ఆ లోటు నేటికీ తీర్చలేదు.

వెనిస్‌లో ప్రతి సందు చివరా ఒక చిన్న వంతెన, ప్రతి వంతెనకూ మెట్లు. ఇరవై అయిదేళ్ళ వయస్సులో వెళ్ళి ఉంటే గబగబ ఎక్కి దిగేవాణ్ణి. మోకాళ్ళ నొప్పివల్ల రెండేసి మెట్లకు ఒకసారి ఆగుతున్నాను. అలా ఆగినచోట ఒక ముసలమ్మ మనుమరాలిని చేయిపట్టుకొని ఎక్కిస్తున్నది. పిల్లకు నాలుగేళ్ళుంటాయేమో. మెట్టు మెట్టుకూ ఒక అంకె చెబుతున్నది: ఊనో, దూయె, త్రే, క్వాత్రో, చింక్వె, సేయి, సెత్తె, ఒత్తో, నోవె, ద్యేచి. పది తరువాత రాదు కాబోలు, మళ్ళీ ఊనో నుండి మొదలు. నేను కదలకుండా నిలబడిపోయాను. నా భార్య పక్కన మెల్లగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి చూచి, "వీళ్ళు కూడా మాటకు తలుపు గడియ వేయరండీ, దగ్గరగా వేసి వదిలేస్తారు" అన్నది. ఆమె లెక్కల ఉపాధ్యాయిని. అజంతమంటే ఏమిటో ఇన్నేళ్ళు తరగతిలో చెప్పినవాణ్ణి, ఇంత తేటగా ఎన్నడూ చెప్పలేదు.

ఆ సంతోషంలో మరొక సంగతి స్ఫురించినది. లాటిను భాషలో ఎనిమిదిని ఒక్తో అంటారు. ఇటలీవారి నోట అది ఒత్తో అయినది. రాత్రికి నోక్తె అన్న రూపం నొత్తె అయినది. పాలకు లాక్తె అన్నది లాత్తె అయినది. మన పట్టణపు కాఫీ అంగళ్ళలో పలకమీద కనిపించే మాటే అది. సంస్కృతపు భక్తి మనకు బత్తి అయిన విధమే గదా ఇది! ప్రకృతి వికృతులు పిల్లలకు చెప్పే ఉపాధ్యాయులు ఈ ఉదాహరణ వాడుకోవచ్చును. సంస్కృతమూ లాటినూ ఒక కుటుంబానివే గనుక సప్త, సెప్తెమ్ వంటి మాటలు కలియడంలో వింత లేదు. తెలుగు ఆ కుటుంబానిది కాదని ఎల్లిస్ దొర 1816లోనే నిరూపించినాడు. తెలుగుకూ ఇటాలియన్‌కూ ఉన్న పోలిక రక్తసంబంధం లేని ఇద్దరి ముఖాల పోలికవంటిది. అందుచేతనే అది చూడగానే నవ్వు వస్తుంది.

కాని నా వాక్యానికి దెబ్బ కూడా ఆ పూటే తగిలినది. రియాల్తో వంతెన దిగి కాలువ గట్టున నడుస్తుండగా గోడమీద తెల్లని చదరంలో వీథి పేరు కనబడినది: రీవా దెల్ విన్. పూర్వం ద్రాక్షసారాయం పీపాలు దింపిన రేవు అది. ద్రాక్షసారాయానికి ఇటాలియన్ మాట వీనో అని తెలుసును. ఈ విన్ ఏమిటి? బొమ్మల కార్డులమ్మే ముసలాయనను ఇంగ్లీషులో అడిగాను. "వీనో ఇటాలియన్; విన్ మా వెనిస్" అని, రొట్టెకు కూడా పానె అనరు, పాన్ అంటామన్నాడు. ఎదుటి గట్టు చూపించినాడు. అది బొగ్గుల రేవు, పేరు రీవా దెల్ కార్బోన్. మిగిలిన ఇటలీవారు కార్బోనె అంటారు. న, ల, ర ల తరువాతి చివరి అచ్చును వెనిస్ భాష తరచు వదలివేస్తుంది. నికొలో కాంటి పుట్టినది వెనిస్ పక్కనున్న కియోజ్జాలో. ఏ యాత్రికుని చెవిని ప్రమాణంగా పెట్టుకొని ఇన్నాళ్ళూ పాఠం చెప్పానో, ఆయన నాలుకమీదనే హలంతాలున్నాయన్నమాట! అన్నం, పుస్తకం అని అడిగిన పిల్లవాడు ఆ గట్టుమీద నా పక్కన నిలబడినట్లే తోచినది.

మిగిలిన సమయాన్ని సెయింట్ మార్కు చౌకములోని మార్చియానా గ్రంథాలయానికి ఇచ్చాను. 1450 ప్రాంతంలో ఫ్రా మౌరో అనే సన్న్యాసి గీసిన ప్రపంచపటం అక్కడ ఉన్నది. ఆరడుగులు దాటిన గుండ్రని పటం. తూర్పు దేశాల సంగతులు కొన్ని కాంటి చెప్పగా విని వ్రాసినవేనని పండితుల అభిప్రాయం. అందులో దక్షిణ దిక్కు పైన ఉంటుంది. మన దేశం తలక్రిందులుగా వ్రేలాడుతున్నది. విజయనగరం ఎక్కడుందా అని మెడ వంచి వెదకుతుంటే కాపలా ఆమె నాకేదో జబ్బు చేసినదని కుర్చీ తెచ్చి వేసినది. అక్షరాలు చదవలేకపోయాను గాని, ఆ కుర్చీలో కూర్చుని చాలాసేపు చూచాను. మా బస్సు వాళ్ళు నా మూలంగా ఇరవై నిమిషాలు ఆగవలసివచ్చినది.

ఇంటికి వచ్చిన తరువాత చేసిన పని, మూడు దశాబ్దాల క్రితమే చేయవలసినది. కాంటి యాత్రాకథనం తెప్పించి చదివాను. ఆయన తనంతట పుస్తకం వ్రాయలేదు. సుమారు ఇరవై అయిదేళ్ళు తూర్పు దేశాలలో తిరిగి, తిరుగుదారిలో ఈజిప్టులో మహమ్మారికి భార్యనూ ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకొని, 1444లో స్వదేశం చేరినాడు. ప్రాణభీతితో మతం విడిచినందుకు పోపు నాలుగవ యూజీనియసు వద్దకు క్షమాభిక్షకు వెళ్ళగా, చూచినదంతా ఉన్నదున్నట్లు తన కార్యదర్శికి చెప్పమన్నదే ఆయన విధించిన ప్రాయశ్చిత్తం. ఆ కార్యదర్శి పోజ్జో బ్రాచ్చొలీని. వ్రాసిన భాష లాటిను. 1857లో లండన్‌లో హక్లూయిట్ సంఘంవారు దాని ఆంగ్లానువాదాన్ని ప్రకటించారు. విజయనగరం చుట్టుకొలత అరువది మైళ్ళని ఉన్నది. ఆయుధం పట్టగలవారు తొంబై వేలని ఉన్నది. తెలుగు ఇటాలియన్‌ను పోలినదన్న మాట మాత్రం మొదటినుండి చివరిదాకా రెండుసార్లు చదివినా నాకు కనబడలేదు. తూర్పు దేశాలలో నేర్చినట్లు చెప్పుకొన్న భాషలు అరబ్బీ, పారశీకమూను.

ఉన్నదున్నట్లు చెప్పడమే ఆయనకు శిక్ష. లేనిది ఆయన నోట పెట్టి ఇరవై ఎనిమిదేళ్ళు చెప్పిన నాకు ఏ శిక్ష విధించేవారో!

అయినా మన భాషకు నష్టమేమీ లేదు. ఒక లాభం కూడా దొరికినది. ఇటలీ వీథులలో బార్, ఫిల్మ్, స్పోర్ట్, ఆటోబుస్ అన్న పరాయి మాటలను హల్లుతోనే వ్రాసుకొని పలుకుతున్నారు. మనం వాటికి ఉకారం తగిలించి బారు, ఫిల్ము, బస్సు, రోడ్డు అని మనవాటిని చేసికొన్నాము. ఈ ఒక్క విషయంలో ఇటాలియన్లకంటె మనమే ఎక్కువ ఇటాలియన్లం. 2023 జూలైలో తరగతిలో ఇదంతా చెప్పాను. కాంటి పేరు వచ్చిన చోట పాత వాక్యాన్ని పలకమీద వ్రాసి, నేనే కొట్టివేశాను. పరీక్షలో ఏది వ్రాయమంటారని ఒక అమ్మాయి అడిగినది. ఆ ప్రశ్నకు నాకింకా తృప్తికరమైన సమాధానం దొరకలేదు.

గత చలికాలంలో శ్రీ త్యాగరాయ గానసభలో పిల్లల నాట్యప్రదర్శనకు వెళ్ళాను. ముగిసిన తరువాత ద్వారం వద్ద నలుబదేళ్ళు దాటిన ఒకాయన నమస్కరించి తన పేరు చెప్పినాడు. ఆ పిల్లవాడే. పదేళ్ళ కుమార్తె వేషం తీయకుండా పక్కన నిలిచి ఉన్నది. నేను పరామర్శలు కూడా మరచి, వెనిస్ సంగతీ, విన్ సంగతీ, అతని రెండు ప్రశ్నలూ సరైనవేనన్న సంగతీ అక్కడే గడగడ చెప్పివేశాను. అతడు శ్రద్ధగా విని నవ్వినాడు.

"ఆ ప్రశ్నలు నాకు యాదికి లేవు సార్. వరండాల నిలబెట్టింది యాదికున్నది."

ఎందుకు రాలేదని ఇరవై నాలుగేళ్ళ తరువాత అడిగాను. గదిలోకి నడుముదాకా నీళ్ళు వచ్చినవనీ, పుస్తకాలూ సర్టిఫికెట్లూ పోయినవనీ, తండ్రి వచ్చి ఊరికి తీసికొనిపోయినాడనీ చెప్పినాడు. మరుసటి యేడు అక్కడే చదువు సాగించినాడట. "నీళ్ళతోనే సార్" అని, కొంచెం ఆగి, "ఎక్కువ నీళ్ళతోనే" అన్నాడు.

నాకు మాట రాలేదు. ఆ పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూచి, ఇందాకటి అంకెలు మళ్ళీ చెప్పమన్నది. చెప్పాను. గోరింట పెట్టిన వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తూ తనూ అనసాగినది. సెత్తె దాకా వచ్చి ఆగిపోయినది.

"ఎనిమిదికి ఏమన్నరు సార్?"

"ఒత్తో" అన్నాను.