గాలి పోయిన లారీ ఎందుకు కదలదు?

వరి కోతలు ముగిసే రోజులలో ఎల్లారెడ్డి నుండి లింగంపేట మీదుగా కామారెడ్డికి ధాన్యపు లారీలు వరుసగా వస్తుంటాయి. అటువంటి లారీ ఒకటి రాత్రి దారిపక్కన ఆగి, తెల్లవారి బయలుదేరబోతే కదలలేదనుకుందాము. ఇంజను తిరుగుతున్నది, గేరు పడినది, వెనుక చక్రములు మాత్రము బిగిసి ఉన్నవి. లేదా దీనికి విరుద్ధముగా, పార్కింగు బ్రేకు వేసి డ్రైవరు దిగగానే బండి మెల్లగా వెనుకకు జారినదనుకుందాము. మొదటిది చికాకు, రెండవది ప్రాణాపాయము. రెండింటి కారణము వెదకవలెనంటే ఆ బ్రేకు పనిచేసే తీరు ముందు తెలియవలెను.

సరకుతో కలిపి 28 టన్నుల బరువున్న లారీ 25 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు పెరిగే వాలుపై నిలిచినప్పుడు, దానిని క్రిందికి లాగే బలము 28,000ను 25తో భాగించగా వచ్చే 1,120 కిలోలు. కారులోవలె చేతితో లీవరు లాగి, తీగ బిగించి దీనిని ఆపడము కష్టము. గాలి పీడనముతో ఆపవచ్చును గాని, గాలి రాత్రికి రాత్రే ఎక్కడో ఒకచోట కారిపోతుంది. అందుచేత ఈ పనిని ఉక్కు స్ప్రింగుకు అప్పగించినారు. వెనుక చక్రముల దగ్గర డబ్బావంటి బ్రేకు ఛాంబరు ఉంటుంది. అందులో రెండు గదులు. ఒక గదిలోనికి కాలి బ్రేకు నొక్కినప్పుడు గాలి వస్తుంది. రెండవ గదిలో బలమైన స్ప్రింగు అణగి ఉంటుంది. దానిని అణచి ఉంచేది గాలియే. పార్కింగు బ్రేకు వేయడమంటే ఆ గాలిని బయటికి వదలడము. అప్పుడు స్ప్రింగు సాగి, కడ్డీని ముందుకు నెట్టి, బ్రేకు చెప్పులను డ్రమ్ముకు అదిమిపెడుతుంది.

గాలి బ్రేకు వేస్తుందని చాలామంది అనుకుంటారు. కాలి బ్రేకు విషయములో అది నిజము. పార్కింగు బ్రేకును మాత్రము గాలి విడిపిస్తుంది. గాలి పోతే బ్రేకు దానంతట అదే పడవలెనన్న ఆలోచన రైళ్ళది. 1872లో వెస్టింగ్‌హౌస్ రూపొందించిన బ్రేకులో గొట్టము తెగితే రైలు ఆగిపోతుంది. అక్కడ చక్రములను అదిమేది ప్రతి పెట్టె క్రింద నిలవ ఉన్న గాలి, ఇక్కడ స్ప్రింగు. అంతే తేడా.

ఇక లెక్కకు వద్దాము. సాధారణముగా వాడే ఒక రకపు ఛాంబరులో గాలి నెట్టే వైశాల్యము సుమారు 194 చదరపు సెంటీమీటర్లు. స్ప్రింగు బలము 1,000 కిలోలనుకుంటే, దానిని అణచడానికి చదరపు సెంటీమీటరుకు 5 కిలోలకు కొంచెము మించిన పీడనము కావలెను. ట్యాంకులో పూర్తి పీడనము 8 కిలోల ప్రాంతములో ఉంటుంది. కాబట్టి కదలని లారీలో మొదట చూడవలసినది డ్రైవరు ముందున్న గాలి ముల్లు. అది 5 దాటకపోతే పార్కింగు బ్రేకులో లోపము లేనట్లే. అది తన పని తాను చేస్తున్నది. కంప్రెసరును, ట్యాంకులను, గొట్టములను చూడవలెను. ముల్లు 4 దగ్గర ఉండగా బలవంతముగా బండి నడిపితే బ్రేకులు సగము పట్టియుండి, డ్రమ్ములు కాగి, లైనింగు మాడిన వాసన వస్తుంది.

గాలి నిండుగా ఉన్నా కదలకపోతే, బిగిసినది ఒక చక్రమా, అన్నీనా అని అడగవలెను. అన్నీ బిగిస్తే లోపము అన్నింటికి ఉమ్మడి అయిన చోట, అనగా చేతి వాల్వులోనో, దాని నుండి వెనుకకు పోయే గొట్టములోనో ఉంటుంది. ఒకటే బిగిస్తే ఆ చక్రము దగ్గరనే వెదకాలి. చక్రములకు ముందు వెనుక గట్టి దిమ్మలు పెట్టి, ఒకరు లోపల కూర్చుండి బ్రేకు విడిపిస్తుండగా ఇంకొకరు ప్రక్క నుండి ఛాంబరు కడ్డీని గమనించవలెను. కడ్డీ లోనికి పోయినా చక్రము తిరగలేదంటే గాలి తన పని చేసినది, తప్పు ఇనుములో ఉన్నది. వానలో నిలిచిన లారీకి చెప్పులు తుప్పుతో డ్రమ్మునకు అతుక్కోవడము ఇట్టిదే. చెప్పులను విప్పార్చే ఇరుసు దాని బుష్షులో పట్టుకొనిపోయినా ఇట్లే అవుతుంది. కడ్డీ అసలు కదలనే లేదంటే గాలి అందలేదు, లేదా ఛాంబరులోని రబ్బరు పొర చినిగి గాలి నిలవడము లేదు.

గాలి కారే సవ్వడి కొన్నిసార్లు మోసము చేస్తుంది. రెండు గదుల మధ్యనున్న సీలు అరిగితే, స్ప్రింగు గదిలోని గాలి రెండవ గదిలోనికి పోయి, కాలి బ్రేకు గొట్టము వెంట వెనుకకు నడిచి, దూరముగా ఉన్న వాల్వు రంధ్రము నుండి బుస్సుమంటుంది. వినేవారు వాల్వు చెడినదని దానిని మారుస్తారు. కొత్త వాల్వు కూడ బుస్సుమంటుంది! ఇక్కడ చిన్న పరీక్ష చాలును. పార్కింగు బ్రేకు వేసి చూడవలెను. స్ప్రింగు గది ఖాళీ కాగానే సవ్వడి ఆగిపోతే లోపము ఛాంబరులో ఉన్నది. ఏ ఛాంబరో తేల్చడానికి కాలి బ్రేకు గొట్టములను ఒక్కొక్కటిగా విప్పి, గాలి దేని నుండి వస్తున్నదో చూస్తారు. బయటికి కారే చోట్లకు మాత్రము సబ్బు నురుగును మించిన సాధనము లేదు.

బ్రేకు వేసినా బండి జారడము ఇంతకంటె చిక్కైన సంగతి. స్ప్రింగు సాగిన కొద్దీ దాని బలము తగ్గుతుందని హుక్ సూత్రము చెబుతుంది. లైనింగు అరిగి, స్లాక్ అడ్జస్టరు వదులైతే కడ్డీ ఎక్కువ దూరము నడవవలసి వస్తుంది. చెప్పులు డ్రమ్మును తాకేసరికి స్ప్రింగు చాలవరకు సాగిపోయి ఉంటుంది. స్ప్రింగు విరగలేదు, గాలి కారలేదు, అయినా పట్టు లేదు. లైనింగునకు నూనె అంటినా, తుప్పుపట్టిన స్ప్రింగు లోపల విరిగినా ఇదే ఫలితము.

ఖాళీ లారీని వాలుపై నిలిపి బ్రేకు బాగున్నదనడము పొరపాటు. స్ప్రింగు బలము సరకునుబట్టి పెరగదు, క్రిందికి లాగే బలము పెరుగుతుంది. అందుకే ఐరోపా నియమములు నిండు బరువుతో 18 శాతము వాలుపై నిలవవలెనంటాయి. పై లారీకి ఆ వాలులో బ్రేకు ఆపవలసిన బలము దాదాపు 5 టన్నులు.

గాలి లేనప్పుడు బండిని లాగుకొనిపోవడానికి ఛాంబరు వెనుక నుండి ఒక బోల్టు బిగించి స్ప్రింగును అణచి కట్టివేయవచ్చును. అంతకు ముందే చక్రములకు దిమ్మలు పెట్టవలెను. ఆ క్షణము నుండి ఆ చక్రమునకు పార్కింగు బ్రేకు లేదు. మరమ్మతు తరువాత ఆ బోల్టు తీయడము మరచిన లారీ, పరీక్షలన్నీ ముగిసినా జారుతుంది. ఇక స్ప్రింగు గదికి చుట్టూ ఉన్న పట్టీని బోల్టు బిగించకుండ విప్పితే, అణగి ఉన్న టన్ను బలము మూతతో సహా ఎదుటివాని ముఖము మీదికి దూకుతుంది. ఇట్లు ప్రాణములు పోయిన మెకానిక్కులు ఎన్నో దేశములలో ఉన్నారు. లోపల స్ప్రింగు విరిగినదన్న అనుమానముంటే బోల్టును కూడ నమ్మరాదు. ఛాంబరును తెరవక, మొత్తముగా మార్చవలెను.