షుగర్ లేదు, బీపీ లేదు

మా పెదనాన్న సింధనూరు దగ్గర క్యాంపులో వరి రైతు. కాళ్ళు వాచాయని డాక్టరుకి చూపిస్తే, రెండు కిడ్నీలూ చాలావరకు పోయాయన్నారు. "షుగర్ లేదు, బీపీ లేదు, నాకెందుకొచ్చిందమ్మా?" అని నన్నడిగారు. నేను చదివేది ఆర్ట్స్, నాకేం తెలుసు! అయినా చదివి చూశాను.

కిడ్నీ జబ్బు చప్పుడు చేయదు. దాదాపు సగం పని పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ కూడా పెద్దగా పెరగదట. మూత్రంలో అల్బుమిన్ పోతోందేమో చూస్తే చాలామందిలో ముందే తెలుస్తుంది.

2010లో మొదలైన జాతీయ పథకం క్యాన్సర్, షుగర్, గుండెజబ్బు, పక్షవాతాలకే. 2016లో పేదలకు ఉచిత డయాలిసిస్ ప్రకటించారు. మంచిదే, కానీ అది కిడ్నీలు పోయాక చేసే పని. తర్వాత దీర్ఘకాలిక కిడ్నీ జబ్బునీ ఆ పథకంలో చేర్చారు, 2023లో పథకం పేరూ మార్చారు. 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ కూడా కిడ్నీల మీద తీర్మానం చేసింది.

మరి ఎవరికి పరీక్ష చేస్తారు? షుగర్, బీపీ ఉన్నవాళ్ళకి మాత్రమే అయితే, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రైతులు తప్పిపోతారు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కొబ్బరి, జీడితోటల మధ్య బతికే ఎంతోమందికి ఆ రెండూ లేకుండానే ఈ జబ్బు వచ్చింది. నీళ్ళా, ఎండలో పనా, నొప్పి మాత్రలా? కారణం ఇంకా తేలలేదు. పెదనాన్న ప్రశ్న అక్కడ ఇంటింటా ఉంది.

పోయిన ఆదివారం పెద్దమ్మని కూడా పరీక్షకి తీసుకెళ్ళాం. "నాకేమైందే?" అంటూనే బండెక్కింది.