పిల్లల షోకి టికెట్ రూ.500 దాటిందా? జీఎస్టీ బాదుడు ఇలా..

గోదావరిఖనిలో నలుగురున్న ఇల్లు ఒక లైవ్ షో చూడాలంటే జేబు తడుముకోవాల్సిందే. సర్కస్, నాటకం, మ్యూజిక్ షో.. టికెట్ మనిషికి రూ.500 వరకు ఉంటే జీఎస్టీ లేదు. రూపాయి దాటినా మొత్తం ధరపై 18 శాతం! రూ.500 చొప్పున నలుగురికి రూ.2,000. అదే రూ.600 టికెట్ అయితే రూ.2,400, పైన పన్ను రూ.432.. మొత్తం రూ.2,832. ఆన్‌లైన్‌లో కన్వీనియెన్స్ ఫీజు వేరే. అందుకే బుక్ చేసేముందు ఫైనల్ రేటు చూడండి.

పెద్ద షోలన్నీ హైదరాబాద్‌లోనే. రానుపోను 400 కిలోమీటర్లకు పైనే. రాత్రి బస, తిండి.. అసలు దెబ్బ టికెట్ కాదు, ఇదే. కాంట్రాక్ట్ కార్మికులకైతే నాగా పడితే ఆ రోజు కూలీ కూడా పోయినట్టే.

బస్సు ఖర్చు లేకుండా పిల్లలకు ఆటపాటలు చూపించాలంటే డిసెంబర్ 23 గుర్తుపెట్టుకోండి. ఆ రోజు సింగరేణి డే.