వ్రేలి క్రింది చక్రము

పట్టిసీమ శివరాత్రి తీర్థమునకు ఇసుకతిన్నెల మీదుగా నడచివచ్చు ఛాయాచిత్రకారులలోను, పోలవరము ప్రాంతమునుండి పాపికొండలకు లాంచీలపై సాగు యాత్రికులలోను, డిజిటల్ కెమెరా మెడలో వేసుకొన్నవారు కలరు, వారిలో ఎవరిని కదిపినను ఎప్పుడో ఒకప్పుడు వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు: "డయలు పోయిందండీ, ఇటు తిప్పితే అటు పోతోంది." కటకములను గూర్చి గంటలకొలది మాటలాడువారు సైతము షట్టరు మీట ప్రక్కన టకటకమని తిరుగు ఆ చిన్న పండ్లచక్రమును గూర్చి ఇంతకంటె ఎక్కువ పలుకరు. నాకు మాత్రము కెమెరాలోని చాతుర్యమంతయు అచ్చటనే పోగుపడినదని తోచును.

పూర్వపు కెమెరాలలో షట్టరు వేగపు బిళ్ళపై అంకెలు చెక్కియుండెడివి. బిళ్ళ ఏ అంకెకడ నిలిచిన అదియే వేగము. 1985లో మినోల్టా 7000 ఆ బిళ్ళలను తొలగించి, అంకెలను నొక్కుడు మీటలతో పెంచి తగ్గించు పద్ధతిని తెచ్చెను. మరుసటి యేడు కానన్ సంస్థ, ఆకృతి కల్పనలో లుయీజీ కొలానీ పాలుపంచుకొన్న టి90 యందు, మీటలకు బదులు చూపుడువ్రేలికి అందునట్లు అంకెలులేని చక్రము నమర్చెను. 1989 నాటి ఈఓఎస్-1 వెనుకవైపున బొటనవ్రేలికి మరియొకటి చేర్చెను. ఈ పోటీలో చక్రమే గెలిచినది. గెలువవలసినదియు అదియే, ఏలయన కంటిని చూపుదర్శిని నుండి తీయకయే త్రిప్పుటకు వీలైనది అది.

అయితే అంకెలులేని చక్రము తానెచ్చట నున్నదో ఎరుగదు. కదలితినా, ఏ దిక్కునకు కదలితిని, అనునంతమాత్రమే కెమెరాకు విన్నవించును. దాని యడుగున లోహపు ముక్కలు పొదిగిన బిళ్ళయు, ఆ ముక్కలను రాయుచుండు రెండు సన్నని రేకులును ఉండును. రేకు ఒక్కటే యైనచో అడుగులను లెక్కింపగలదేకాని దిక్కును చెప్పజాలదు. అందుచేత రెండవ రేకును ఒక ఆవృత్తిలో పాదభాగము ఎడముగా నిలిపినారు. గోదావరి గట్టున ఒకడు ఎగువను, మరియొకడు దిగువను నిలిచియుండగా, లాంచీ ఎవని ముందుగా మొదట సాగిపోయెనో తెలిసినచో అది భద్రాచలము వైపు పోవుచున్నదో రాజమండ్రి వైపు పోవుచున్నదో చెప్పవచ్చును గదా! ఈ రేకుల పనియు అదియే. రెండును విడివడియుండుట, మొదటిది మాత్రమే తాకుట, రెండును తాకుట, రెండవది మాత్రమే తాకుట, అనునవి నాలుగు స్థితులు. ప్రతి అడుగునను మారునది ఒక్క రేకే. ఒకమారు ఒక్కటే మారవలెనను ఈ నియమమును అనుసరించు సంకేతమునకు, 1953లో పేటెంటు పొందిన బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ గ్రే పేరు నిలిచియున్నది.

ఇక వ్యాధి. ఇసుక నలుసు, వ్రేలి చెమట, వానకాలపు తేమ లోనికి చేరి రెండవ రేకుపై పొర కట్టినదనుకొందము. మొదటి రేకు తాకిన క్షణముననే రెండవదాని స్థితిని చూచి దిక్కును నిర్ణయించు కెమెరాకు, ఆ రెండవది ఎల్లప్పుడు విడివడియున్నట్లే కనిపించును. కావున చక్రమును ఎటు త్రిప్పినను అంకె ఒకే వైపు పరుగిడును. పొర పలుచనిదై, ఒకమారు తాకి ఒకమారు తాకకున్నచో అంకె ముందుకు వెనుకకు ఊగిసలాడును. రేకు తాకినపుడు సెకనులో కొన్ని వెయ్యవ వంతుల కాలము అదరుట సహజమే. ఆ అదురును కెమెరా ఉపేక్షించును, కాని ఆ ఉపేక్షాకాలము మరీ దీర్ఘమైనచో వేగముగా త్రిప్పినపుడు అడుగులు జారిపోవును. రాపిడియే రేకులను కొంత శుభ్రపరచును గనుక, బ్యాటరీ తీసి చక్రమును ఇరువైపుల పలుమార్లు త్రిప్పుటతోనే కుదుటపడిన కెమెరాలు కలవు.

మొత్తముగా మూగవోయిన చక్రమును మాత్రము నేను తొందరపడి రోగియనను. కానన్ 40డి, 5డి మార్క్ 2 వంటివాటిలో విద్యుత్ మీటకు మూడు స్థానములు. మధ్యస్థానమున కెమెరా పనిచేయును గాని వెనుకచక్రము పలుకదు, మూడవదగు వాలుగీత కడకు జరుపవలెను. ఎక్స్‌పోజరు సవరణ మైనస్ రెండు కడ మరచిపోయినచో కాంతి నాలుగవ వంతుకు తగ్గి చిత్రములన్నియు నల్లబడును. చక్రము మాత్రము నిర్దోషి. మోడ్ డయలు సంచిలో రాపిడికి తనంతట తిరుగుటయు కద్దు. 2010 నాటి 60డి యందు దాని నడుమ తాళపు మీట నమర్చుటకు కారణమదియే. అమరికలోని పొరపాటు ప్రతిమారు ఒకేరీతిగా కనిపించును. రేకు వ్యాధి మాటిమాటికి రూపు మార్చును.

రిపేరు దుకాణమునకు పోవుటకు ముందు పాఠకులు ఒక పరీక్ష చేయుడు. ఎం (మాన్యువల్) మోడ్‌లో వేగమును 1/125 కడ నిలిపి, ఒక్కొక్క అడుగు స్టాపులో మూడవ వంతుగా నున్నచో, మెల్లగా తొమ్మిది అడుగులు త్రిప్పుడు. అంకె 1/1000 కావలెను. వెనుకకు తొమ్మిది త్రిప్పగా 1/125 కడనే నిలిచినచో చక్రము ఆరోగ్యముగా నున్నది, లోపమును మెనూలో వెదకుడు.