బహుభాషా నిఘంటువు – జంట ఆరోపముల సమస్య

నిఘంటువులో అర్థవివరణతో చేర్చబడిన ప్రతి పదమును ఆరోపమని వ్యవహరింతురు. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లోను, ప్లాట్స్ ఉర్దూ నిఘంటువు 1884లోను, బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లోను వెలువడినవి. అట్టి గ్రంథములలో ఒకే సంపాదకుని దృష్టి ఆద్యంతము ప్రసరించును. 2002 డిసెంబరులో ఆరంభమైన విక్షనరీ వంటి సామూహిక నిఘంటువుల స్థితి వేరు. అందు ఎవరైనను పదము చేర్చవచ్చును. కావున ఒకరు చేర్చిన పదమునే మరొకరు ఇంకొక రూపములో చేర్చుట సహజము. అప్పుడు అర్థమొకచోట, ప్రయోగము వేరొకచోట నిలిచి, చదువరికి సగమే దక్కును.

ఈ జంటలు మూడు విధములు.

మొదటిది వర్ణక్రమ భేదము. ‘ఖర్చు’, ‘కర్చు’ అను రెండును ఒకే మాట. ఒకదానిని ప్రధానరూపముగా నిలిపి, రెండవదానిని రూపాంతరముగా చూపవలెను. రెండవదానిని తుడిచివేయరాదు. జనుల నోట నున్న ఉచ్చారణకు అది సాక్ష్యము.

రెండవది కంటికి కనబడని భేదము. కంప్యూటరులో అరబ్బీ ‘కాఫ్’కు, ఉర్దూ ‘కాఫ్’కు వేర్వేరు సంకేతములు కలవు. ‘కితాబ్’ అను మాటను ఈ రెండింటితోను వ్రాసినచో కంటికి ఇంచుమించు ఒకటిగానే తోచును. యంత్రము మాత్రము రెండు పదములుగా లెక్కించును. ‘యే’ అక్షరమునకును ఇదే చిక్కు. ఇవి నిజమైన జంటలు, నిస్సంకోచముగా కలుపవలెను.

మూడవది మిక్కిలి ప్రమాదకరము: జంటవలె కనిపించి జంట కానివి. ఉర్దూలో ‘అలిఫ్’తో మొదలగు ‘ఆమ్’ మామిడిపండు. ‘ఐన్’తో మొదలగు ‘ఆమ్’ సామాన్యము. ‘స్వాద్’తో వ్రాసిన ‘సదా’ పిలుపు. ‘సీన్’తో వ్రాసిన ‘సదా’ ఎల్లప్పుడు. తెలుగు లిపిలో మాత్రమే చూచువాడు వీనిని ఒకటి చేసి రెండు పదములకును ద్రోహము చేయును. అట్లే ఉర్దూ ‘తారీఖ్’ తేదీని, చరిత్రను గూడ తెలుపును. తెలుగు ‘తారీఖు’ తేదీని మాత్రమే తెలుపును. మూలమొకటే యైనను ఇవి రెండు భాషల పదములు. వీనిని ముడివేయవలెనే గాని కలుపరాదు.

కావున కలుపుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. భాష ఒకటేనా? భాషాభాగ మొకటేనా? వ్యుత్పత్తి ఒకటేనా? అర్థములు పొసగునా? వికీడేటాలో 2018లో మొదలైన పదవిభాగము నందు భాష, భాషాభాగము వేరైనచో విలీనము సాగదు. సాగినచో పాత సంఖ్య చదువరిని క్రొత్తదాని యొద్దకు చేర్చును. తక్కిన రెండు ప్రశ్నలకు సమాధానము మనుష్యుడే చెప్పవలెను.

కలుపునపుడు రెండు ఆరోపములలోని అర్థములను, ప్రయోగములను, అనువాదములను తరలించి, పాత రూపమునుండి క్రొత్తదానికి దారి నిలుపవలెను. సందేహమున్నచో ముందుగా చర్చించవలెను. కలుపుట క్షణకాలపు పని. కలిసిపోయిన అర్థములను మరల విడదీయుట మిక్కిలి కష్టము.

రెండు లిపులు నేర్చిన విద్యార్థి ‘అలిఫ్’కు, ‘ఐన్’కు గల భేదమును ఎరుగును, ‘ఖర్చు’ ‘కర్చు’గా మారిన తీరును ఎరుగును. ఒక్క లిపి మాత్రమే తెలిసిన పండితునికి సైతము ఈ సౌలభ్యము లేదు. మన కళాశాలలో ఇరుభాషల వారును కూడి దినమునకొక్క పదమును పరిశీలించినను, అది రెండు భాషలకును సేవయే యగును.